ట్యూబుకు తొడిగే రింగు ఎంతవరకు పనిచేస్తుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. సిగ్నల్‌ను మొదట పెంచే మీ ప్రీయాంప్‌లో, రికార్డు సిగ్నల్‌ను అందుకునే ఫోనో విభాగానికి రెండు ఇసిసి83లు, దాని తర్వాతి లైన్ విభాగానికి ఒక ఇసిసి82 ఉన్నాయి. ఇవి చిన్న వాక్యూమ్ ట్యూబులు, అంటే గాలి తీసేసిన గాజు గొట్టాలు. దాని తర్వాత ఇఎల్34 అనే నాలుగు పెద్ద ట్యూబులతో స్పీకర్లను నడిపే పవర్ యాంప్ ఉంది. రికార్డు పెట్టి కాస్త గట్టిగా వింటే కొన్ని బాస్ స్వరాల వెంట సన్నగా గంట మోగినట్లు "టింగ్" అని వినిపిస్తోంది. ప్రీయాంప్ మూత మీద వేలితో తట్టినా అదే చప్పుడు స్పీకర్లలో వస్తోంది. ఏడు ట్యూబులకూ కంపనాలను అణిచే రింగులు, అంటే డ్యాంపర్లు, తొడగాలా, తొడిగితే సిలికాన్‌వి మంచివా లోహపువి మంచివా అని అడిగారు.

ఏడింటికీ అవసరం లేదు. ఇఎల్34లకైతే ససేమిరా వద్దు. ఫోనోలోని మొదటి ట్యూబుకు రెండు సిలికాన్ రింగులు తొడిగితే కొంత మేలు కనిపించవచ్చు. అయితే మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే అసలు లోపం ఒక ట్యూబులోనో, ప్రీయాంప్ పెట్టిన చోటులోనో ఉంది. రింగు దాన్ని తగ్గించగలదు గానీ తొలగించలేదు. ఎందుకో వివరంగా చెబుతాను. కారణం తెలిస్తే మీకు డబ్బూ శ్రమా రెండూ మిగులుతాయి.

ట్యూబు లోపల మధ్యలో ఎలక్ట్రాన్లను వదిలే కాథోడ్, దాని చుట్టూ రెండు సన్నని కడ్డీల మీద చుట్టిన గ్రిడ్ తీగ, ఆ బయట ఎలక్ట్రాన్లను అందుకునే ప్లేటు ఉంటాయి. పైనా కిందా ఉండే అభ్రకపు బిళ్లలకు రంధ్రాలు చేసి ఈ మూడింటినీ వాటిలో బిగిస్తారు. గ్రిడ్ మీది వోల్టేజీతో పాటు గ్రిడ్‌కూ కాథోడ్‌కూ మధ్య ఉన్న దూరం కూడా ప్లేటు కరెంటును నిర్ణయిస్తుంది. ఆ దూరం వణికితే కరెంటూ వణుకుతుంది. తర్వాతి దశలకు అది రికార్డు సూదిని మోసే కార్ట్రిడ్జ్ నుంచి వచ్చిన సిగ్నల్ లాగానే చేరుతుంది. దీన్నే మైక్రోఫోనిక్స్ అంటారు. ఈ దూరాలు ఎంత చిన్నవో ఊహించుకోవడానికి ఒక ఉదాహరణ: ఇ88సిసి వంటి ఫ్రేమ్ గ్రిడ్ (గట్టి చట్రం మీద బిగించి చుట్టిన గ్రిడ్) ట్యూబుల్లో గ్రిడ్, కాథోడ్‌ల మధ్య ఖాళీ మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు స్థాయిలో ఉంటుంది. అందులో అతి స్వల్ప కదలిక కూడా లెక్కలోకి వస్తుంది.

ఇంకో సంగతి కూడా గమనించాలి. లోపల గాలి లేదు. బయట మోగే గంటను చుట్టూ ఉన్న గాలి కొద్దికొద్దిగా నెమ్మదింపజేస్తుంది. శూన్యంలో ఉన్న గ్రిడ్ తీగకు ఆ ఆటంకం లేదు. ఒకసారి కదిలితే దాని శక్తి కడ్డీల ద్వారా, అభ్రకం ద్వారా మాత్రమే బయటికి పోవాలి. అందుకే మీకు వినిపించేది "టప్" అని తెగిపోయే చప్పుడు కాకుండా సాగే "టింగ్" అవుతోంది. సంవత్సరాల వాడకంలో అభ్రకపు రంధ్రాలు అరిగి కడ్డీలు వదులైతే ఈ గుణం మరింత పెరుగుతుంది. కొత్త ట్యూబుల్లోనూ ఒకటి నిశ్శబ్దంగా, దాని పక్క పెట్టెలోది గంటలా ఉండడం మామూలే. చేతులతో కూర్చే వస్తువు కనుక ఆ తేడా తప్పదు.

ఇక ఏ ట్యూబు దగ్గర ఇది ముఖ్యమో లెక్క వేసి చూద్దాం. ఒక ట్యూబులోని కంపనం దాని గ్రిడ్ దగ్గర 50 మైక్రోవోల్టులకు సమానమైన చప్పుడు పుట్టిస్తోందని అనుకోండి. ఇది వివరణ కోసం తీసుకున్న అంకె మాత్రమే. ఫోనో మొదటి ట్యూబుకు మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ నుంచి వచ్చేది సుమారు 5 మిల్లీవోల్టులు. అంటే చప్పుడు సంగీతానికి 40 డెసిబెల్స్ మాత్రమే దిగువన ఉంది. నెమ్మదైన పాటలో స్పష్టంగా వినిపిస్తుంది. అదే చప్పుడు 2 వోల్టుల సిగ్నల్ నడిచే లైన్ దశలో పుడితే 92 డెసిబెల్స్ దిగువకు పోతుంది. ఇక ఇఎల్34 గ్రిడ్ మీద గట్టి స్వరాలకు 20, 30 వోల్టులు ఊగుతాయి. అక్కడ తేడా 110 డెసిబెల్స్ దాటుతుంది. ఏ చెవికీ అది అందదు. పవర్ ట్యూబులకు రింగులు తొడిగితే బాస్ బిగుసుకుందని చెప్పేవాళ్లు ఈ అంకెలను ఒకసారి ముందు పెట్టుకోవాలని నా మనవి.

ఫోనో దశకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. రికార్డు కోతలో తగ్గించిన బాస్‌ను తిరిగి పైకి తెచ్చే ఆర్ఐఏఏ సవరణ 20 హెర్ట్జ్ దగ్గర సిగ్నల్‌ను 1000 హెర్ట్జ్‌తో పోలిస్తే దాదాపు పది రెట్లు ఎక్కువగా పెంచుతుంది. అది మొదటి ట్యూబు తర్వాతే జరుగుతుంది కాబట్టి, నేల మీద అడుగుల చప్పుడు మొదటి ట్యూబును ఊపితే ఆ ఊపూ పది రెట్లవుతుంది. కాబట్టి మీ ఏడు ట్యూబుల్లో అనుమానించాల్సింది ముందుగా ఒక్కదాన్నే: ఫోనో ఇన్‌పుట్‌కు తగిలి ఉన్న ఇసిసి83ను.

ఇప్పుడు రింగు సంగతి. అది గాజు మీద కూర్చుంటుంది. వణికేది గాజు లోపలి గ్రిడ్. ఈ రెండింటికీ సంబంధం రెండు చోట్ల ఉంది. ఒకటి, కింద పిన్నులు గాజులోంచి లోపలికి పోయే చోటు. రెండోది, అభ్రకపు బిళ్ల అంచులు గాజు గోడను తాకే చోటు. చాసిస్ (ప్రీయాంప్ లోహపు చట్రం) నుంచి వచ్చే కంపనం సాకెట్, పిన్నుల మార్గంలో నేరుగా లోపలికి ఎక్కుతుంది. గాజు మీది రింగు ఆ మార్గానికి పక్కన ఉంది గానీ అడ్డంగా లేదు. స్పీకర్ల నుంచి గాలిలో వచ్చి గాజును తాకే శబ్దం విషయంలో మాత్రం రింగుకు నిజమైన పని ఉంది. గాజు గోడ వణుకును అది కొంత తనలో కరిగించుకుంటుంది, అభ్రకం ద్వారా లోపలికి చేరే వాటా తగ్గుతుంది. దీనికి తోడు, సాకెట్ స్ప్రింగు కాంటాక్టుల మీద నిలబడిన ట్యూబు మొత్తంగా అటూ ఇటూ ఊగే గుణం కలది. రింగు బరువూ దాని మెత్తదనమూ ఆ ఊగుడును కొద్దిగా మార్చి, త్వరగా ఆగేలా చేస్తాయి. రింగు చేయగల మేలు ఇంతే. ఇది సున్నా కాదు, అలాగని అద్భుతమూ కాదు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదని చెప్పాలి. 1920లలో బ్యాటరీ రేడియోల డిటెక్టర్ ట్యూబులు ఎంత సున్నితంగా ఉండేవంటే, స్పీకరు శబ్దానికే అవి వణికి సెట్టంతా ఊళ వేసేది. అప్పుడు ట్యూబు తల మీద రబ్బరు అమర్చిన బరువు టోపీలు పెట్టేవారు. దానికంటే తెలివైన పని కొందరు తయారీదారులు చేశారు. సాకెట్‌నే స్ప్రింగుల మీద, మెత్తని రబ్బరు మీద వేలాడదీశారు. కంపనం వచ్చే దారిలోనే అడ్డు పెట్టడం అంటే అది. వందేళ్ల తర్వాత కూడా అంతకంటే మంచి ఉపాయం నాకు కనిపించలేదు.

చాలామంది మోసపోయే చోటు ఒకటి ఉంది. రింగు తొడగక ముందు ట్యూబును పెన్సిలుతో తడతారు, "టింగ్" అని సాగుతుంది. తొడిగాక మళ్లీ తడతారు, "టప్" అని ఆగిపోతుంది. రింగు గొప్పగా పనిచేసిందని నిర్ణయిస్తారు. కానీ తట్టింది గాజును, రింగు ఉన్నదీ గాజు మీదే. రింగుకు అన్నింటికంటే అనుకూలమైన పరీక్ష అది. పాట వింటున్నప్పుడు ఎవరూ గాజును తట్టరు. న్యాయంగా చూడాలంటే చాసిస్‌ను తట్టాలి, లేదా ప్రీయాంప్ ఉన్న బల్లను తట్టాలి. నేను చాలా ట్యూబుల మీద ఈ రెండు పరీక్షలూ చేసి చూశాను. గాజును తట్టినప్పుడు కనిపించిన మెరుగుదల, చాసిస్‌ను తట్టినప్పుడు చాలావరకు మాయమవుతుంది.

ఒక అనుభవం చెబుతాను. చాలా ఏళ్ల కిందట నా ఫోనో దశలో ఇ88సిసి ట్యూబులు ఉండేవి. శబ్దం ఒక స్థాయి దాటితే సన్నని ఊళ మొదలయ్యేది. అప్పట్లో నా దగ్గర ఉన్న ప్రతి చిన్న ట్యూబుకూ రింగులు తొడిగాను. ఊళ మొదలయ్యే స్థాయి కొద్దిగా పైకి జరిగింది, అంతే. వారం రోజులు సంతోషంగా విన్నాను, తర్వాత మళ్లీ అదే బాధ. చివరికి ప్రీయాంప్ ఉన్న చెక్క అలమరను చేత్తో తాకి చూశాను. బాస్ వచ్చినప్పుడల్లా పలక అరచేతికి తెలిసేలా వణుకుతోంది. ఎడమ స్పీకరు స్టాండు ఆ అలమరకు ఆనుకుని ఉంది. స్టాండును ఒక జానెడు పక్కకు జరిపి, ప్రీయాంప్‌ను గోడకు బిగించిన పలక మీదికి మార్చాను. ఊళ పూర్తిగా పోయింది. తర్వాత రింగులన్నీ తీసి చూశాను, అప్పుడూ రాలేదు. ఆ రోజు నుంచి కంపనం ఎక్కడ పుడుతోందో, ఏ దారిలో వస్తోందో చూడకుండా ట్యూబు మీద చేయి వేయను.

కాబట్టి మీరు మొదట చేయాల్సింది నిర్ధారణ. రెండు ఫోనో ట్యూబులు ఏ పని చేస్తున్నాయో మీ ప్రీయాంప్ నిర్మాణాన్ని బట్టి ఉంటుంది. కొన్నింటిలో ఒక్కో చానెల్‌కు ఒక్కో ట్యూబు, కొన్నింటిలో మొదటి ట్యూబు రెండు చానెళ్ల మొదటి దశ, రెండోది రెండు చానెళ్ల తర్వాతి దశ. యాంప్ ఆపి, ట్యూబులు చల్లారాక రెండింటినీ ఒకదాని స్థానంలో మరొకటి పెట్టండి. "టింగ్" చానెల్ మారితే, లేదా బాగా తగ్గితే, లోపం ఫలానా ట్యూబులో ఉందని తేలిపోయినట్లే. ఏ మార్పూ లేకపోతే చోటును, చాసిస్‌ను అనుమానించాలి.

తట్టి చూసేటప్పుడు ఎండిన సన్నని చెక్క పుల్ల వాడండి, లోహం వద్దు. మూత తీసి ఉంటే లోపల 250, 300 వోల్టులు ఉంటాయి. స్విచ్ ఆపాక కూడా కెపాసిటర్లలో కొంతసేపు నిలిచి ఉంటాయి. ఒక చేయి వెనక్కి పెట్టుకుని మరో చేత్తోనే పని చేయడం పాత రేడియో మెకానిక్‌ల అలవాటు. దాన్ని తు.చ. తప్పకుండా పాటించండి.

వినిపించే చప్పుడు స్వభావాన్ని కూడా గమనించండి. స్వరంలా సాగే "టింగ్" అయితే గ్రిడ్ వణుకు. చిటపట, గరగర, లేదా తట్టినప్పుడు ఒక చానెల్ పోయి రావడం జరిగితే అది మైక్రోఫోనిక్స్ కాదు. సాకెట్ కాంటాక్టు వదులైంది, పిన్నుకు తుప్పు పట్టింది, లేదా టంకం సరిగా అతుక్కోలేదు. అలాంటి దానికి రింగు తొడగడం పంటి నొప్పికి పసుపు కట్టు కట్టడం లాంటిది. సాకెట్ కాంటాక్టును సూదితో సున్నితంగా దగ్గరికి నొక్కి, పిన్నులు శుభ్రం చేస్తే సగం కేసులు అక్కడే తీరతాయి. సిగ్నల్ దారిలో కొన్ని రకాల సిరామిక్ కెపాసిటర్లు ఉన్నా అవి కూడా తట్టుకు స్పందిస్తాయి. ఒత్తిడికి వోల్టేజీ పుట్టించే గుణం ఆ పదార్థానికే ఉంది.

ఇక్కడ నాకు బాగా నచ్చిన పరీక్ష ఒకటి చెబుతాను. దీనికి ఒక ల్యాప్‌టాప్, ఒక ఫోను చాలు. టర్న్‌టేబుల్ తీగలు తీసేసి, ఫోనో ఇన్‌పుట్ రెండింటికీ షార్టింగ్ ప్లగ్గులు (ఇన్‌పుట్ రెండు కొసలనూ కలిపేసేవి) పెట్టండి. అంటే ప్రీయాంప్‌లోకి ఏ సంగీతమూ వెళ్లదు. ప్రీయాంప్ అవుట్‌పుట్‌ను ల్యాప్‌టాప్ లైన్ ఇన్‌కు కలపండి. ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీదే నడపండి, హమ్ తగ్గుతుంది. పవర్ యాంప్‌కు ఫోను నుంచి నేరుగా సిగ్నల్ ఇవ్వండి. ఫోను శబ్దాన్ని అన్నింటికంటే తక్కువలో పెట్టి మొదలుపెట్టి, మీరు మామూలుగా వినే స్థాయికి మెల్లగా తెండి. ఇప్పుడు స్పీకర్లలో 20 హెర్ట్జ్ నుంచి కొన్ని వేల హెర్ట్జ్ దాకా నెమ్మదిగా పైకి పోయే స్వరాన్ని ప్లే చేస్తూ ప్రీయాంప్ అవుట్‌పుట్‌ను రికార్డు చేయండి. ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనే ఆ స్వరాన్ని తయారు చేయవచ్చు, రికార్డు అయినదాన్ని స్పెక్ట్రోగ్రామ్‌గా, అంటే ఏ పౌనఃపున్యం ఎంత గట్టిగా ఉందో చూపే చిత్రంగా, చూడనూవచ్చు.

ప్రీయాంప్‌లోకి ఏ సిగ్నలూ వెళ్లడం లేదు కనుక, ఆ రికార్డింగులో స్వరాన్ని అనుసరించి వినిపించేదంతా గదిలోని శబ్దం ట్యూబులను కదిలించి పుట్టించినదే. ఇదే పరీక్షను ప్రీయాంప్‌ను పొడవాటి తీగతో పక్క గదిలో పెట్టి మళ్లీ చేయండి. రెంటికీ మధ్య తేడా మీ గది వల్ల ట్యూబుల్లో పుడుతున్న చప్పుడు. ఏ పౌనఃపున్యం దగ్గర గట్టిగా పలుకుతోందో కంటికి కనిపిస్తుంది. రింగు తొడిగి మూడోసారి చేస్తే, ఆ రింగు నిజంగా ఎన్ని డెసిబెల్స్ తగ్గించిందో కూడా తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త: అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ట్యూబు పవర్ యాంప్‌ను స్పీకర్లు తీసేసి సిగ్నల్ ఇచ్చి నడపకండి. లోడ్ లేకుండా నడిపితే ట్రాన్స్‌ఫార్మర్ దెబ్బతినవచ్చు.

ఈ పరీక్ష మీద నాకు ఇంత పట్టుదల ఎందుకంటే, చెవి మీద మాత్రమే ఆధారపడినప్పుడు జరిగే పొరపాటు ఒకటి నేను పదే పదే చూశాను. రింగు తొడగడానికి ట్యూబును సాకెట్ నుంచి తీస్తాం, తొడిగాక మళ్లీ పెడతాం. ఆ తీయడం, పెట్టడంలోనే పిన్నుల మీది సన్నని తుప్పు పొర గీసుకుపోయి కాంటాక్టు మెరుగవుతుంది. శబ్దం నిజంగానే బాగుపడుతుంది, పేరు మాత్రం రింగుకు వస్తుంది. అందుకే పోల్చేటప్పుడు మొదట రింగు లేకుండానే ట్యూబును రెండు మూడుసార్లు తీసి పెట్టి, అప్పుడు రికార్డు చేసినదాన్ని ఆధారంగా తీసుకోండి.

కంపనం వచ్చే దారిని అడ్డుకోవడం గురించి. ప్రీయాంప్ కింద ఏం పెట్టాలన్నది పెద్ద చర్చ. నా లెక్క మాత్రం సులభం. మెత్తని పాదం మీద పరికరం పెట్టినప్పుడు అది ఎంత కిందికి దిగుతుందో చూడండి. 1 మిల్లీమీటరు దిగితే ఆ అమరిక సహజంగా ఊగే పౌనఃపున్యం సుమారు 16 హెర్ట్జ్, 4 మిల్లీమీటర్లు దిగితే సుమారు 8 హెర్ట్జ్. రబ్బరు విషయంలో నిజమైన అంకె దీనికంటే కొంత ఎక్కువగానే వస్తుంది. ఆ అంకెకు 1.4 రెట్లు దాటిన కంపనాలే తగ్గుతాయి. దానికి దిగువవి తగ్గవు సరికదా, ఆ పౌనఃపున్యం దగ్గర పెరుగుతాయి కూడా. అసలు దిగకుండా బిర్రుగా ఉండే పాదాలు, మొనదేలిన మేకుల్లాంటి లోహపు పాదాలు కంపనాన్ని ఆపవు, బల్లతో పరికరాన్ని గట్టిగా ముడివేస్తాయి. బల్ల వణుకుతుంటే ప్రీయాంప్‌కు కావలసింది అది కాదు. మీ పరికరం బరువుకు సరిపడా మెత్తగా, కనీసం 2, 3 మిల్లీమీటర్లు దిగే పాదాలు చూసుకోండి. అంతకంటే ముందు ప్రీయాంప్‌ను స్పీకర్లకు దూరంగా జరపండి. మూలల్లో బాస్ పోగుపడుతుంది కాబట్టి గది మూలలో పెట్టకండి. ఈ పని ఖర్చు లేనిది, నా అనుభవంలో అన్నింటికంటే ఎక్కువ ఫలితమిచ్చినది కూడా ఇదే.

లోపం ట్యూబులోదని తేలితే దాన్ని మార్చడమే మంచిది. ఇసిసి83లలో పొడవాటి ప్లేట్లు ఉన్నవాటికంటే పొట్టి ప్లేట్లవి సాధారణంగా తక్కువ మోగుతాయి. పొడవైన నిర్మాణం తేలిగ్గా ఊగుతుంది కదా. దీన్నే గట్టి నిర్మాణంతో చేసిన 5751 కూడా ఉంది. దాని ఆంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ (ఎన్ని రెట్లు పెంచగలదో చెప్పే అంకె) 100కు బదులు 70, కాథోడ్‌ను వేడిచేసే హీటరు కరెంటు కొంచెం ఎక్కువ. చాలా ప్రీయాంప్‌లలో నేరుగా పనిచేస్తుంది గానీ, ఫోనో దశలో ఆర్ఐఏఏ సవరణ ఆ ట్యూబు లక్షణాల మీద ఆధారపడి ఉంటే స్వరాల సమతూకం కొద్దిగా మారవచ్చు. ట్యూబు ఎంపిక ఎంత ముఖ్యమో చెప్పడానికి గిటారు యాంప్‌ల చరిత్రలో మంచి ఉదాహరణ ఉంది. ఇఎఫ్86 తక్కువ శబ్దానికి పేరున్న పెంటోడ్, అంటే ఐదు ఎలక్ట్రోడ్ల ట్యూబు. కానీ స్పీకరు, ట్యూబులు ఒకే పెట్టెలో ఉండే యాంప్‌లలో అది కుదుపులకు తట్టుకోలేకపోయింది. వాక్స్ ఏసీ30 అనే గిటారు యాంప్ తొలి రూపంలో ఇఎఫ్86 ఉండేది, తర్వాతి రూపంలో దాని స్థానంలోకి ఇసిసి83 వచ్చింది. అక్కడ రింగులు వెతకలేదు, ట్యూబునే మార్చారు. నిర్మాణం గట్టిదైతే ట్యూబు ఎంత తట్టుకోగలదో తెలుసుకోవాలంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫిరంగి గుండ్ల ప్రాక్సిమిటీ ఫ్యూజులను (లక్ష్యం దగ్గరికి రాగానే గుండును పేల్చేవి) తలుచుకోవాలి. వాటిలోని చిన్న ట్యూబులు గురుత్వానికి 20,000 రెట్ల కుదుపును తట్టుకుని పనిచేశాయి. గాజు మీద ఏ రింగూ లేదు. అదంతా లోపలి నిర్మాణం బలమే.

ఇవన్నీ చేశాక కూడా రింగులు వాడాలనిపిస్తే నిస్సంకోచంగా వాడండి, చిన్న సిగ్నల్ ట్యూబులకు మాత్రమే. లోహపు పట్టీల కంటే సాదా సిలికాన్ రింగులే నాకు ఇష్టం. కంపనాన్ని వేడిగా మార్చి అరగదీసే గుణం మెత్తని పదార్థానికే ఉంది. లోహం తనంతట తాను ఆ పని చేయలేదు, కొన్నిసార్లు తనే మోగుతుంది. కొన్ని లోహపు రింగులు లోపల మెత్తని మొనలతో వస్తాయి, అవి పనిచేస్తాయి. కానీ బరువైన రింగు ట్యూబు తలభాగాన ఉంటే ఊగినప్పుడు పిన్నుల మీదా సాకెట్ మీదా భారం పడుతుంది. ట్యూబులు అడ్డంగా ఉండే పరికరాల్లో బరువు రింగులు అసలు వద్దు.

ఇసిసి83 గాజు వ్యాసం 20 నుంచి 22 మిల్లీమీటర్లు. రింగు లోపలి వ్యాసం దానికంటే రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువ ఉంటే చాలు, గాజును నొక్కేసేంత బిగువు అక్కర్లేదు. ఒకటి పై అభ్రకం బిళ్ల ఎత్తులో ఉండాలి, ఎందుకంటే లోపలి నిర్మాణం గాజును తాకేది అక్కడే. రెండోది కింది మూడో వంతు దగ్గర. ట్యూబు చల్లగా ఉన్నప్పుడే, రింగును లాగకుండా దొర్లిస్తూ ఎక్కించండి. పైకొనన ఉండే గాజు మొన చాలా సున్నితమైనది. గాలి తీసేశాక మూసిన చోటు అది. అక్కడ చిన్న పగులు వచ్చినా గాలి చొరబడి, లోపల వెండిలా మెరిసే పూత తెల్లబారి, ట్యూబు పనికిరాకుండా పోతుంది. పాత ట్యూబుల మీది అచ్చు అక్షరాలు రింగు రాపిడికే చెరిగిపోతాయి. వాటి విలువ ఆ గుర్తుల్లో ఉందని భావించేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇఎల్34లకు ఎందుకు వద్దన్నానో చెప్పి ముగిస్తాను. ఇసిసి83 హీటరు ఖర్చు చేసేది 1.9 వాట్లు, ఫోనో దశలో ప్లేట్ల వేడి కలిపినా రెండు వాట్లకు కాస్త అటూ ఇటూ. గాజు వెచ్చగా ఉంటుంది, సిలికాన్‌కు అది లెక్కలోది కాదు. ఇఎల్34లో హీటరుకే దాదాపు 9.5 వాట్లు, ప్లేటుకు 25 వాట్ల దాకా. ముప్పై వాట్లకు పైగా వేడి ఆ గాజు గుండానే బయటికి పోవాలి. పవర్ ట్యూబుల గాజు ఎంత వేడెక్కుతుందంటే, కెటి88 అనే మరో పవర్ ట్యూబు డేటాషీటు గాజు ఉష్ణోగ్రతకు 250 డిగ్రీల సెల్సియస్‌ను గరిష్ఠ హద్దుగా పెట్టింది. మామూలు సిలికాన్ రబ్బరు ఎక్కువ కాలం తట్టుకునేది సుమారు 200 డిగ్రీలు, సాదా నల్ల రబ్బరు అందులో సగం. ప్లేటు ఎత్తులో రింగు తొడిగితే ఆ పట్టీ కింద గాజు మిగతా భాగం కంటే వేడిగా ఉంటుంది. రబ్బరు కొన్ని నెలల్లో గట్టిపడి, పగిలి, గాజుకు అతుక్కుంటుంది. దాన్ని గోకి తీయడానికి పోతే గాజు గీసుకుపోతుంది. ఇన్ని ఇబ్బందులకు ప్రతిఫలంగా దక్కేది ముందు చెప్పిన 110 డెసిబెల్స్ దిగువన ఉన్న చప్పుడును ఇంకాస్త తగ్గించడం మాత్రమే.

ఫిలమెంటే కాథోడ్‌గా పనిచేసే పాత ట్యూబుల సంగతి వేరు. 26, 01ఎ వంటివి ప్రీయాంప్‌లో వాడేవారికి కంపనం నిత్య సమస్య, ఎందుకంటే అక్కడ కాథోడే స్ప్రింగు బిగువు మీద వేలాడే సన్నని తీగ. వాటికి సాకెట్ పలకను మెత్తని రబ్బరు గ్రోమెట్ల (వలయాల) మీద వేలాడదీసి, సాకెట్‌కు వచ్చే తీగలు వంగే రకానివి వాడడం దాదాపు తప్పనిసరి. మీ పరికరంలో అలాంటివేవీ లేవు.

ముందుగా రెండు ఇసిసి83లను అటూ ఇటూ మార్చి చూడండి, తర్వాత ప్రీయాంప్ పెట్టిన పలకను పాట నడుస్తుండగా అరచేత్తో తాకి చూడండి. షార్టింగ్ ప్లగ్గుల పరీక్ష చేయగలిగితే, ఏ పౌనఃపున్యం దగ్గర గట్టిగా పలికిందో, పక్క గదిలో పెట్టినప్పుడు ఎంత తగ్గిందో రాయండి. ఆ రెండు అంకెలు చూస్తే అది గ్రిడ్ మోగడమా, చాసిస్ రేకు మోగడమా అన్నది చెప్పగలను. రేకు అయితే మూత లోపలి వైపు అంటించాల్సింది వేరే ఉంది, ట్యూబులను ముట్టుకోనక్కర్లేదు.